గుట్ట మీద పిడకలు

మా అత్తమ్మ పుష్పమ్మతో ఎక్కడికైనా వెళ్లి ప్రశాంతంగా తిరిగొచ్చిన మనిషి ఈ పాతబస్తీలో ఎవరైనా ఉంటే చూపించండి, దండం పెడతాను.

పెళ్లయి వచ్చినప్పటినుంచీ బర్రెల పాలు పిండిన మనిషి ఆవిడ. గల్లీలో అపార్ట్‌మెంట్లు లేచి, వాసనని లొల్లి మొదలయ్యాక, మొన్న దీపావళి వెళ్లగానే మా ఆయన బర్రెలన్నీ అమ్మేశాడు. అప్పటినుంచి ఆవిడ సగం తిండి తింటుంది, ఎవరితోనూ మాట్లాడదు, పొద్దున్నే లేచి ఖాళీ కొట్టం ఊడుస్తుంది. డాక్టరేమో రోగం లేదన్నాడు. ఇట్లాగే ఉంటే మనిషి దక్కదేమోనని నాకు భయం. భయపడీ భయపడీ ఆవిడ మీద కోపం కూడా వచ్చేసింది.

నేను నయాపూల్ దగ్గర జిరాక్స్ షాపులో పనిచేస్తాను. అక్కడికొచ్చే వకీలు విజయలక్ష్మి మేడం ఆదివారాలు కొందరిని గుట్టల మీదికి తీసుకెళ్లి సీతాకోకచిలుకలు చూపిస్తుంటారు. మీ అత్తగారిని కూడా తీసుకురా లావణ్యా, మనసు మళ్లుతుంది అన్నారు. ఈవిడను బయలుదేరదీసేసరికి తాతలు దిగొచ్చారు.

"సీతాకోకచిలుకలు సూడనీకె అంత దూరమెందుకే? అవేమన్న పాలిస్తయా?"

"ఇయ్యయి అత్తమ్మా. ఊకె సూడాలె, గంతే."

"ఊకె సూసుడేంది?"

బార్కస్ దాటి చాలా దూరం పోయాక వ్యాన్ ఒక గుట్ట కింద ఆగింది. మోదుగులు ఎర్రగా పూసి ఉన్నాయి. బాట పట్టాక మేడం ఆకు చివర వాలిన పసుపు రెక్కలు చూపిస్తే, అత్తమ్మ ఆకును చూసి, "ఇది బర్లు తినయి" అంది. నేల దగ్గర ఎగిరే చిన్న నీలందాన్ని చూపిస్తే, "గడ్డి మస్తుగున్నది, మేసెటియే లేవు" అంది. నాకు తల బాదుకోవాలనిపించింది. బర్రెలను మరిచిపోతుందని తీసుకొస్తే, కనిపించిన ప్రతి చెట్టుకూ ఒక బర్రెను కట్టేస్తోంది మహాతల్లి.

వంపు తిరగగానే మేడం చెయ్యెత్తి అందరినీ ఆపారు. బాట మధ్యలో, పొద్దున ఏ మందో దాటిపోయినట్టుంది, పచ్చి పేడ. దాని నిండా సీతాకోకచిలుకలు, తెల్లవీ పసుపువీ, రెక్కలు ముడుచుకుని తేమ పీలుస్తున్నాయి. ఇన్ని ఒక్కచోట దొరకడం అదృష్టమని మేడం గుసగుసగా చెప్పారు. అందరూ ఫోన్లు తీశారు.

అత్తమ్మ నేరుగా వెళ్లి ఆ పేడను రెండు చేతులా ఎత్తేసింది. పచ్చి పేడ కనబడితే ఎండకముందే ఎత్తాలి, ఆ చేతులకు తెలిసింది అదే. సీతాకోకచిలుకలన్నీ ఒక్కసారిగా లేచిపోయాయి. ఆవిడ పక్కనున్న బండకు టపటపా పిడకలు కొట్టడం మొదలుపెట్టింది. అందరూ నావైపు చూశారు. నా పరువు గంగలో కలిసింది.

"ఎవలికి అత్తమ్మా ఈ పిడకలు? ఇంట్ల పొయ్యి ఉన్నదా, బర్లున్నయా? అన్నీ పోయినయి. ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

ఆవిడ చేతులు ఆగిపోయాయి. బండ పక్కనే కూలబడి, పేడ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని, "అవు, లేవు గదా" అంది. తర్వాత ఏడ్చింది. అమ్మిననాడు కూడా ఏడవని మనిషి. నాకు ఏం చెయ్యాలో తోచక, చేతులు కడుగుతానని నీళ్ల సీసా తీశాను. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

కాసేపటికి ఒక పసుపుది వచ్చి తడి పిడక మీద వాలింది. ఇంకోటి అత్తమ్మ బొటనవేలి మీద వాలి, వెంట్రుకంత గొట్టం చాచి, వేళ్ల సందులో తడిని తాగసాగింది. ఆవిడ ఏడుపు ఆపి దాన్నే చూస్తోంది. మిగతావాళ్లు దిగడం మొదలుపెట్టారు. కింద వ్యాన్ హారన్ మోగుతూనే ఉంది.

"లే అత్తమ్మా. అందరు మనకోసమే ఆగిన్రు. చేతులు కడుక్కో, పోదాం."

ఆవిడ చెయ్యి కదపలేదు.

"జరసేపాగవే" అంది మెల్లగా. "తాగేదాన్ని నడుమల లేపద్దు."