గట్టు దాటిన గీత

చేలకు డ్రోనుతో పురుగుమందు కొట్టే ఆమెను అందరూ డ్రోనక్క అనే పిలుస్తారు. ఎండకు కళ్ళు చికిలించుకుపోయి, భుజాలు వాలిపోయి ఉంటాయి. ఏ చేనుకెళ్ళినా ముందు గట్టు మీద చతికిలబడుతుంది. ఫోనుకు అరచెయ్యి నీడపట్టి, యాప్‌లో చేను మూలలన్నీ వేలితో నొక్కి గీత కలుపుతుంది; ఆ గీత లోపలే డ్రోను మందు కొడుతుంది. గాలి ఎంతుందో, కరెంటు తీగలు ఎక్కడున్నాయో చూసుకున్నాకే డ్రోను లేపుతుంది.

ఆ రోజుకు అదే ఆఖరి చేను. నడుము లాగేస్తోంది. గీత పూర్తయ్యేసరికి రైతు పక్కన కూర్చుని, ఫోనులో గట్టు అవతలికి వేలు చూపించాడు.

"అది మా తమ్ముడిది. మాకు మాటల్లేవు. వాడు మంచం పట్టాడు, చేను పురుగు తినేస్తోంది. అదీ కలిపెయ్యమ్మా. నేను చెప్పానని మాత్రం అనకు."

కలిపితే ఉన్న బ్యాటరీ చాలదు. మళ్ళీ ఛార్జింగ్ పెట్టాలి, మళ్ళీ మొదట్నించి గీయాలి. డ్రోనక్క నిట్టూర్చి, గీసిందంతా చెరిపేసింది.

పొద్దు వాలాక డ్రోను దిగుతుంటే తమ్ముడి భార్య పరుగున వచ్చింది.

"మా చేలో నిన్నెవరు కొట్టమన్నారు?"

రైతు అటు తిరిగి దూరంగా నిలబడ్డాడు.

"గీత తప్పు గీశానమ్మా, ఏమనుకోవద్దు," అంది డ్రోనక్క బ్యాటరీ ఊడదీస్తూ.

తమ్ముడి భార్య బావగారి వీపు వైపు చాలాసేపు చూసింది.

"కాసిని మంచినీళ్ళు తాగుతావా అక్కా?" అంది.