నబీ భాయి కాలికి కట్టిన సుత్లి

ఉట్నూర్ల మెకానిక్ గులాం నబీ షెడ్డుకు పోతే, ఎనుక నుంచి ఎంత పిలిచినా పలుకకపోతుండె. ముందటికి పోయి నిలవడితేనే నవ్వి, "ఏం కొమురెల్లీ, ఏమైంది?" అంటుండె. పనితనం ఉన్నోనికి గంత గర్వం ఉంటది తియ్ అనుకునేటోణ్ని. ఇంజన్ టైమింగ్ పెట్టుట్ల ఆయనకు సాటి మా దిక్కు ఇంకోడు లేడు మరి.

నేను నడిపేది కైలాసం సేటు పాత డాడ్జి పికప్. మిలిటరీ వేలంల కొన్నది. యాభై తొమ్మిదిల వానకాలం పోయినంక దానికి రోగం మొదలైంది. ఇంజన్ షురూ చేయనీకి ముందటి హ్యాండిల్ తిప్పితే ఎదురు తన్నుడే. కుడి మణికట్టు వాచి, మూడు రోజులు ఎడమచేత్తోని బువ్వ తిన్న.

నబీ భాయి బండి మూత లేపి, మంట ఎప్పుడు అంటుకోవాల్నో చూసే డిస్ట్రిబ్యూటర్ బోల్టు వదులు చేసిండు. ఇంజన్ నడుస్తుంటే దాన్ని జర ఇటు, జర అటు తిప్పుతుండు. ముందుకు ఎక్కువైతే మంట జల్ది అంటుకొని ఇంజన్ కొట్టుకుంటది. ఎనుకకు పోతే మొద్దు ఎద్దు తీరు గుంజది. నడుమ ఎక్కడ నిలపాల్నో చెవే చెప్పాలె.

పక్కన కూసొని చూస్తున్న నాకు అప్పుడు కనవడ్డది, ఆయన కాలి బొటనవేలికి సుత్లి తాడు! గోనెపట్టా పరదా కిందికెల్లి ఇంట్లకు పోయింది. లోపలికెల్లి ఎవలో ఒక్కసారి గుంజితే ముందుకు తిప్పుతుండు. రెండుసార్లు గుంజితే ఎనుకకు. మూడుసార్లు గుంజంగనే బోల్టు బిగించిండు.

"గిదేంది నబీ భాయి?" అన్న. ఆయన తల దించుకున్నడు.

పరదా ఎనుక నుంచి ఆయన భార్య లతీఫున్నీసా అన్నది: "ఆయనకు ఇనవడదు తమ్మీ. రోడ్డుపనిల బండలు పేల్చంగ రెండు చెవులు పోయినయి. పెదవులు చూసి మాట పట్టుకుంటడు. ఆరేండ్ల సంది ఇంజన్లు నేనే ఇంటున్న. ఎవ్వలకు చెప్పకు, గిరాకి పోతది."

"చెప్ప భాబీ" అని బండి తీసిన.

ఇంద్రవెల్లి తోవల గుట్ట ఎక్కుడు రాంగనే, బండ్ల ఏసిన వెదురు కంకబొంగుల బరువుకు ఇంజన్ మల్ల టకటక కొట్టుకున్నది. తెల్లారి పోయి చెప్పిన. షెడ్డుల చూస్తే మంచిగనే ఉన్నది. రోగమంతా ఎక్కుట్లనే ఉన్నది. సుత్లి గంత దూరం రాదాయె. నబీ భాయి పరేషాన్ అయి కూసున్నడు.

లతీఫున్నీసా బుర్ఖా ఏసుకొని వచ్చి, నబీ భాయిని ఎక్కిచ్చి, తాను బండ్ల కిటికీ పక్కన కూసున్నది. "పోనియ్ తమ్మీ."

ఎక్కుడు మొదలు కాంగనే "ఆపు!" అన్నది. వేళ్లతోని సైగ చేస్తే, నబీ భాయి దిగి వెంట్రుకంత ఎనుకకు తిప్పిండు. మల్ల కిందికి పోయి ఎక్కినం. "ఇంక జర!" మల్ల దిగుడు, మల్ల తిప్పుడు. సంతకు పోయేటోళ్లు గంపలు దించుకొని మరీ చూసిండ్రు. బుర్ఖా ఆమె కిటికీలకెల్లి తల బైటవెట్టి ఇంజన్ ఇనుడు వాళ్లు ఎన్నడు చూసిండ్రు!

మూడోసారి బండి మూలుగలే, కొట్టుకోలే. ముద్దుగ ఎక్కింది. మీదికి పోయినంక ఆమె ముసుగెత్తి, మొగని మొఖం తన దిక్కు తిప్పుకొని, పెదవులు నిమ్మళంగ కదిలిచ్చి చెప్పింది: "మంచిగున్నది." ఆయన కండ్లల్ల నీళ్లు, నోట్ల నవ్వు.

నేను మాట తప్పలే. సంతకు పోయే మంది ఊకుంటరా? వారంల ఉట్నూరంత తెల్సింది. గిరాకి పోలే, పెరిగింది. డ్రైవర్లు వచ్చి, "భాబీ, జర మా బండిని ఇనరాదు" అని బతిమాలుడు షురూ చేసిండ్రు.

"ముందుగాల నన్ను చాయ తాగనియ్యుండ్రి" అంటుండె ఆమె.