నాకిచ్చిన బుధవారం

నాకు ఆదివారం వచ్చింది! వచ్చే వారం నుంచి నా వారపు సెలవు ఆదివారం. ఇంచార్జి సారు తన నోటితో తానే చెప్పాడు. వాచ్‌మన్ విన్నాడు, లారీ డ్రైవరు విన్నాడు, మా నాయన విన్నాడు. ఇక వెనక్కి తీసుకోలేడు.

ఇందులో అంతగా గంతులేయడానికి ఏముందని అడిగేవాళ్లు ఉంటారు. పుట్టినప్పటి నుంచీ ఆదివారం చేతిలో ఉన్నవాళ్లు అలాగే అడుగుతారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. ఉంది, కొంచెం ఉంది.

మాది సూళగిరి నుంచి లోపలికి పోతే వచ్చే మెట్ట పల్లె. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. తొంభైల చివర్లో కృష్ణగిరిలో బి.ఎస్సీ. కెమిస్ట్రీ ఫస్ట్ క్లాసులో పాసై, హోసూరులో ఒక ఫ్యాక్టరీ ల్యాబులో చేరాను. ఉద్యోగమంటే వారమంతా పని, ఆదివారం సరదా అని కాలేజీ హాస్టల్లోనే నేర్చుకున్నాను. టౌను నుంచి వచ్చిన అమ్మాయిలు శనివారం సాయంత్రమే మొదలుపెట్టేవాళ్లు. రేపు ఏ చుడీదారు వేసుకోవాలి, ఏ సినిమాకు పోవాలి, బెంగళూరు బస్సెక్కితే ఏ అంగళ్ల ముందు తిరగాలి. కొనేదేమీ ఉండదు, ఊరికే తిరగడమే. నేను గుడ్డలు ఉతుక్కుంటూ వినేదాన్ని. ఉద్యోగం రానీ, నాకూ అలాంటి ఆదివారం వస్తుంది అనుకునేదాన్ని.

ఉద్యోగం వచ్చింది. ఆదివారం రాలేదు.

మా ఫ్యాక్టరీలో మిషన్లు ఏడు రోజులూ తిరుగుతాయి. కాబట్టి అందరికీ ఒకే రోజు సెలవు ఇవ్వడం కుదరదు. ఆ మాట నేను ఒప్పుకుంటాను. కానీ పంచిన పద్ధతి చూడండి. పెళ్లైనవాళ్లకు ఆదివారం. మిగిలిన రోజులు పెళ్లికానివాళ్లకు. ఈ నియమం ఎక్కడా రాసి లేదు. ఎవరు పెట్టారో ఎవరికీ తెలియదు. చేరిన రోజునే నా చేతిలో బుధవారం పెట్టారు. ఎందుకు సార్ అని అడిగాను. ఇంచార్జి సారు హోసూరు పక్కనే పుట్టి పెరిగిన మనిషి, మన భాషే. నవ్వుతూ చెప్పాడు.

"నీకేమమ్మా, మొగుడా, పిల్లలా? ఒంటి మనిషివి. నీకు యా దినమైతే ఏం?"

ఈ మాటను నేను ఎన్నిసార్లు తిరగేసి చూసుకున్నానో. మొగుడున్న మనిషి ఏ రోజు సెలవు తీసుకున్నా సాయంత్రానికి ఇంట్లో మాట్లాడటానికి ఒకడు ఉంటాడు. ఒంటి మనిషికే కదా నలుగురూ ఖాళీగా ఉన్న రోజు కావాల్సింది? మా ల్యాబులోనే ఒకాయన ఉన్నాడు. నాతోపాటే చేరాడు, చేరిన కొన్నాళ్లకే పెళ్లి చేసుకున్నాడు, మరుసటి వారమే ఆయన చేతికి ఆదివారం వచ్చింది. దాన్ని ఏం చేసుకున్నాడని సోమవారం పొద్దున అడిగితే, ఒళ్లు విరుచుకుంటూ, "ఏముండాది, పడుకోనుంటిని" అంటాడు. ఆ ముక్క వింటే నా చేతిలోని గాజు గొట్టం పగలనందుకు ఫ్యాక్టరీ నాకు మెచ్చుకోలు ఇవ్వాలి.

బస్టాండు వెనక వీధిలో ముగ్గురం కలిసి ఇల్లు తీసుకున్నాం. మిగతా ఇద్దరూ ఆంధ్రా నుంచి ఉద్యోగాలకు వచ్చినవాళ్లు, ఒకమ్మాయిది అనంతపురం, ఇంకొకమ్మాయిది కరీంనగర్. ఒకే ఆఫీసు. ఇద్దరికీ ఆదివారమే సెలవు. మామూలు సాయంత్రాల్లో ముగ్గురికీ భేదం లేదు. మసాలా పూరి బండి దగ్గర నిలబడి, మూడోసారి కారం ఎక్కువ వేయించుకుని, ముక్కు తుడుచుకుంటూ తినడం. కొండ గుడి మెట్ల మీద కూర్చుని కింద ఊళ్లో దీపాలు ఒక్కొక్కటే వెలగడం చూడటం. బ్రౌజింగ్ సెంటరులో ఒకే కుర్చీ మీద ఇద్దరం ఇరుక్కుని, మూడో ఆమెకు ఈమెయిలు ఐడీకి ఏ పేరు పెట్టాలో వాదించుకోవడం. ఇంతవరకు నా బతుకు బంగారమే.

ఆదివారం వస్తే మాత్రం నేను టిఫిను డబ్బా సర్దుకుంటూ ఉంటాను, వాళ్లిద్దరూ అద్దం ముందు ఉంటారు. ఒకసారి తళి వైపు పోయారు, చలికి వణికామని వచ్చి చెప్పారు. ఇంకోసారి కృష్ణగిరి డ్యాముకు పోయారు. అక్కడ ఒడ్డున వరసగా చేపలు వేయించే అంగళ్లు ఉంటాయి. మసాలా పట్టించి పళ్లెంలో పేర్చి ఉంటారు, మనం వేలు పెట్టి చూపించిన ముక్కనే నూనెలో వేస్తారు. ఇదంతా నాకు వాళ్లు చెప్తేనే తెలిసింది. సాయంత్రం నా కోసం ఒక పొట్లం తెచ్చారు.

"నీ కోసమే తెచ్చినం, తిను" అంది కరీంనగర్ అమ్మాయి. "నువ్వుంటే ఇంకా మస్తుండు."

బస్సులో గంటకు పైగా ఊగి వచ్చిన చేప అది. మెత్తబడిపోయి, మసాలా అంతా కాగితానికే అంటుకుని ఉంది. తిన్నాను. బాగుందని కూడా అన్నాను. వాళ్ల మంచితనానికి వంక పెట్టలేను. అయినా ఆ చల్లటి ముక్క గొంతు దిగుతుంటే, మూడేళ్లు హాస్టల్ సాంబారు తాగి చదివింది దీనికా అనిపించింది.

నా బుధవారాల సంగతి చెప్తాను. ఊరంతా పనికి పోయాక ఇంట్లో మిగిలేది నేను ఒక్కదాన్నే కాబట్టి గ్యాసు సిలిండరు నా రోజే వస్తుంది. నీళ్ల లారీ నా రోజే వస్తుంది. ఇంటి యజమానమ్మ తన కరెంటు బిల్లు కట్టే పని కూడా నాకే పెట్టింది, "నువ్వు ఊరికే ఉండావు కదమ్మా" అని. సినిమాకు పోతే టిక్కెట్లిచ్చేవాడు నలుగురైనా రాకపోతే ఆట వేసేది లేదన్నాడు. ఎవరో ఇద్దరూ నేనూ, ముగ్గురమే వచ్చాం. నాలుగో మనిషి కోసం వీధిలోకి తొంగి చూస్తూ నిలబడ్డాం, రాలేదు. సెలవు రోజున దుప్పట్లు ఉతికి మడత పెట్టి పడుకున్న మనిషిని ఎవరైనా సరదా మనిషి అంటారా?

మొన్న బుధవారం నాకు రోషం వచ్చింది. ఎవరూ తోడు లేకపోతే పోయే, నా కాళ్లు నాకున్నాయి అనుకుని, మంచి చుడీదారు వేసుకుని, భుజానికి సంచి తగిలించుకుని ఒక్కదాన్నే కృష్ణగిరి డ్యాముకు పోయాను.

డ్యాము దగ్గర మనిషి పురుగు లేదు. అంగళ్లలో పొయ్యిలు వెలిగించలేదు. ఒకే ఒక అంగడామె బల్ల మీద కూర్చుని తమలపాకులు నములుతోంది. చేప కావాలన్నాను. ఆదివారం రమ్మంది. ఆ మాట నాకెలా తగిలి ఉంటుందో మీరే అనుకోండి. సరే, నీళ్లనైనా చూద్దామని గట్టు మీదికి నడిచి, కట్ట అంచున ఆగి, కింద నీళ్ల వైపు చూస్తూ నిలబడ్డాను. ముఖం కోపంగానే ఉండి ఉంటుంది.

వెనక నుంచి ఎవరో నా చెయ్యి గట్టిగా పట్టుకున్నారు. అంగడామె. పరుగెత్తుకుని వచ్చినట్టుంది, రొప్పుతోంది. డ్యాము వాచ్‌మన్ ఇంకో వైపు నుంచి వచ్చి నిలబడ్డాడు.

"వద్దమ్మా" అంది ఆమె. "నీ వయసేమి, నువ్వు చేసే పనేమి? ఎవుడమ్మా వాడు?"

ఎవరూ లేరన్నాను. అయితే పరీక్ష పోయిందా అని అడిగాడు వాచ్‌మన్. నాకు తిక్క రేగింది.

"నేను బి.ఎస్సీ. ఫస్ట్ క్లాసు" అన్నాను.

"అయ్యో, సదువుకునింది కూడానా" అంది అంగడామె, నా చెయ్యి ఇంకా గట్టిగా పట్టుకుంటూ.

సెలవు రోజని సరదాకు వచ్చానని ఎంత చెప్పినా వాళ్లిద్దరూ నమ్మలేదు. ఆడపిల్ల ఒక్కతే, బుధవారం పూట, డ్యాము చూసి సంతోషపడటానికి వస్తుందా? నన్ను బల్ల మీద కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, మధ్యాహ్నం దాకా బుద్ధులు చెప్పారు. ఆమె తన మరదలి కష్టాలన్నీ చెప్పింది, వాటితో పోలిస్తే నావి ఎంత అని. చివరికి ఇద్దరూ కలిసి నన్ను హోసూరు బస్సెక్కించి, ఈ పాపను దారిలో యాడా దింపవద్దని కండక్టరుకు అప్పగించారు. సరదాకు పోయినదాన్ని పొట్లం కట్టి పంపినట్టు పంపారు.

అంతటితో అయిపోతే సరే అనుకుందును. సూళగిరిలో మా మామ ఎక్కాడు, మా అమ్మకు తమ్ముడు. కండక్టరు ఆయన చెవిలో ఏదో ఊదాడు. ఆయన వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

"ఈ దినం పనికి పోలేదామ్మా?"

"సెలవు మామా."

"బుధవారం యాడ ఇస్తారమ్మా సెలవు? బడికి లేదు, బ్యాంకుకి లేదు. నిజం చెప్పు, పని పోయిందా?"

పోలేదని చెప్పాను. పోతే పోనీ అన్నాడు. తనకు చెప్పొచ్చన్నాడు, మా నాయనతో అననని కూడా అన్నాడు. మా ఊళ్లో జీతం వచ్చే ఉద్యోగమంటే టీచరుది, బ్యాంకుది, తాలూకా ఆఫీసుది. వాటన్నిటికీ సెలవు ఆదివారమే. బుధవారం ఇంట్లో ఉన్న ఉద్యోగస్తుడంటే ఉద్యోగం ఊడినవాడే. పొద్దు గూకక ముందే మామ మా నాయన దగ్గర ఉన్నాడు.

ఆ తర్వాతి సంగతి ఈ రోజు, ఆదివారం, జరిగింది. ల్యాబులో పని చేసుకుంటుంటే గేటు నుంచి పిలుపు వచ్చింది. పోయి చూస్తే మా నాయన. పెళ్లిళ్లకు మాత్రమే వేసుకునే తెల్ల చొక్కా వేసుకుని, పక్కన మామిడిపండ్ల గంప పెట్టుకుని, గేటు బయట బండ మీద కూర్చుని ఉన్నాడు. ఆదివారమైతే పెద్దవాళ్లు తీరికగా ఉంటారని, ఇంచార్జి సారును కలిసి నన్ను తిరిగి పనిలో పెట్టుకోమని అడుగుదామని వచ్చాడు.

"లోపల ఉండావా నువ్వు?"

"ఉండాను నాయనా. పని చేస్తా ఉండా."

"ఆదివారం కూడానా?"

అప్పుడు మొత్తం చెప్పాను, బుధవారం సంగతి, పెళ్లైనవాళ్ల సంగతి. పని పోలేదన్నందుకు ఆయన ముఖం తేటపడింది, మిగతాది విన్నాక మళ్లీ ముడుచుకుంది. మా వైపు సోమవారం ఎద్దులకు కాడి కట్టరు. ఎంత అదను మించిపోతున్నా కట్టరు. ఊళ్లోని ఎద్దులన్నిటికీ అదే రోజు.

"ఒక ఎద్దుకి సోమవారం, దాని జతకి బుధవారం అని ఎవుడన్నా ఇస్తాడా?" అన్నాడు. "జత ఎద్దు చేన్లో ఉంటే ఇది కొట్టంలో ఒక్కటే నిలబడుకోని ఏం చేస్తాది?"

నన్ను ఎద్దుతో పోల్చినందుకు నాకు కోపం రావాలి. రాలేదు. అంతవరకు నా పక్షాన ఒక్కరూ ఇంత సూటిగా మాట్లాడలేదు.

అంతలో ఇంచార్జి సారు టీకి బయటికి వచ్చాడు. మా నాయన లేచి గంప ఎత్తి ఆయన చేతికి ఇచ్చాడు. సారు తెల్ల చొక్కా చూశాడు, పండ్లు చూశాడు, నన్ను చూశాడు, తానే ఒక కథ కట్టేసుకున్నాడు.

"ఓహో, సంబంధం కుదిరిందా పెద్దాయనా? ముందే చెప్పకూడదామ్మా? మొగుడొస్తే ఆదివారం కావల్ల కదా. ఇచ్చేస్తాలే."

మా నాయన నా వైపు చూశాడు. తల ఊపితే చాలు, పని అయిపోతుంది. ఆయన ఊపేవాడే, నేను ఊపమంటే. నాకు ఒళ్లు మండిపోయింది. ఇంతకాలం నేను నోరు విడిచి అడిగితే లేని ఆదివారం, ఇంకా పుట్టాడో లేదో తెలియని ఒక మొగుడి కోసం అప్పటికప్పుడు సిద్ధం.

"సంబంధం లేదు సార్. పెండ్లీ లేదు" అన్నాను. "ఆదివారం నాకు కావల్ల. నా కూట ఉండేవాళ్లతో డ్యాముకి పోవల్ల. వేడివేడిగా చేప తినల్ల."

"అంతేనా?"

"అంతే సార్. దానికి మొగుడెందుకు?"

గేటు వాచ్‌మన్ నవ్వు ఆపుకోలేక అటు తిరిగాడు. సరుకు దింపడానికి వచ్చిన లారీ డ్రైవరు పైనుంచి పగలబడి నవ్వాడు. సారు గంప కింద పెట్టాడు. తర్వాత ఏం పాప ఇది పెద్దాయనా అని మా నాయననే అడిగాడు.

"బి.ఎస్సీ. సదివింది సార్" అన్నాడు మా నాయన, అదే సమాధానమన్నట్టు.

సారు నవ్వేశాడు. వచ్చే వారం నుంచి ఆదివారం తీసుకోమన్నాడు. టీ చల్లారిపోతోందని పోయాడు. అంతే. ఇంతే సేపు పట్టింది. ఇంత సులువుగా ఇవ్వగలిగినదాన్ని ఇన్నేళ్లు ఎందుకు పట్టుకుని కూర్చున్నాడు? ఆయన దగ్గర ఆదివారానికి కరువు ఎప్పుడూ లేదన్నమాట. లేనిది నాకు ఇవ్వాలన్న తలపే. సంతోషం పొంగుతుంటే ఆ పక్కనే కోపమూ పొంగుతోంది. రెండూ ఒకే పొయ్యి మీద పెట్టినట్టుంది నాకు.

నాయనను బస్సెక్కించి వచ్చి ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఇంకా చెప్పాల్సినవాళ్లు ఉన్నారు. నా గది అమ్మాయిలిద్దరూ ఈ రోజు జవళగిరి అడవి వైపు పోయారు, సిగ్నల్ దొరకడం లేదు, మళ్లీ చేయాలి. మా ఊరి అంగడి ఫోనుకు చేసి అమ్మను పిలిపించాలి, నాయన దిగేలోపే. మామకు చేయాలి, ఆయన ఎత్తగానే తానే మాట్లాడతాడు కాబట్టి ముందు వినమని చెప్పాలి. సామల్పట్టిలో టీచరైన హాస్టల్ స్నేహితురాలికి. తర్వాత మా ఫ్యాక్టరీలోనే ప్యాకింగులో మంగళవారం సెలవు అబ్బాయికి, క్యాంటీను లెక్కలు చూసే శనివారం అమ్మాయికి, స్టోర్సులో గురువారం అమ్మాయికి. వాళ్లకు ఒకటే మాట, రేపు పొద్దున టీ వేళకు గేటు దగ్గరికి రండి, మీరూ అడగండి.