ప్రమాణం చేయని రెఫరీ

మా ఆయన కదిరప్ప వారమంతా రాయదుర్గంలో జీన్స్ ప్యాంట్లకు జిప్పులు కుడతాడు. ఆదివారం వస్తే చాలు, మెడలో విజిల్ తగిలించుకుని ఫుట్‌బాల్ ఆటలకు రెఫరీగా పోయి, ఊరూరా తిట్లు తిని వస్తాడు. ఉగాదికి ముందు ఒక ఊళ్లో ఎవడో రాయి విసిరితే కనుబొమ్మ చీలి కుట్లు పడ్డాయి. ఆ రోజే చెప్పేశాను. "ఇంగొక్క దెబ్బ తగిలించుకోని ఇంటికొస్తివా, ఆ విజిల్ పొయ్యిలో ఏస్తా!" ఆయన నవ్వాడు. నేను నవ్వలేదు.

అందుకే బెళుగుప్ప దగ్గర ఫైనల్ అంటే నేనూ వెంటబడి పోయాను. గాలికి ముగ్గుపిండి గీతలు సగం ఎగిరిపోయిన బీడు అది. ఆట ముగియవచ్చింది. ఒక గోలు ముందున్న ఆ ఊరి జట్టులోని శశికుమార్, తమ గోలు ముందర బంతి కోసం పైకెగిరాడు. దుమ్ము లేచింది. కదిరప్ప విజిల్ ఊది, "చేతికి తగిలింది, పెనాల్టీ" అన్నాడు.

అంతే! జట్టంతా ఈగల్లా ముసిరింది. కెప్టెన్ ప్రతాప్ మీదమీదికి వచ్చాడు. "ఏమప్పా, కండ్లు కనపడతాండాయా? ఎవుడిచ్చినాడు నీకు విజిల్?" గట్టు మీది జనం కూడా లోపలికి దిగారు. ఒకడి చేతిలో రాయి చూసేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి.

మా సీమలో మాట నమ్మకపోతే అడిగేది ఒకటే. ప్రతాప్ అదే అడిగాడు. "కుళ్లాయిస్వామి మీద ప్రమాణం చెయ్! అప్పుడు నమ్ముతాం."

"చెయ్యను."

"అయితే నువ్వు దొంగవే!"

నాకు ఒళ్లు మండింది. కళ్లారా చూసినవాడికి ప్రమాణం చేయడానికేం రోగం? "చెయ్యప్పా, ఒక్క మాటతో పోతాది కదా!" అని నేనే అరిచాను. ఆయన నా వైపు చూశాడు. "ఒకసారి చేస్తే ప్రతి విజిల్‌కూ దేవున్ని తెమ్మంటారు. ఇంగ రెఫరీ ఏంటికి?" అన్నాడు.

అంతలో శశికుమార్ ముందుకొచ్చాడు. "నేను చేస్తా! నాకు తగల్లేదు. మాయమ్మ తోడు..." అంటూ చెయ్యెత్తాడు. మాట పూర్తికాకముందే కదిరప్ప ఆ చెయ్యి పట్టి కిందికి దించాడు.

"వద్దప్పా. మీయమ్మను దీంట్లోకి తేవాకు. ఆట పోతే పోనీ. నన్నే దొంగ అనుకో."

గోల సద్దుమణిగింది. శశికుమార్ చెయ్యి మళ్లీ లేవలేదు. ప్రతాప్ అతని దగ్గరికి పోయి మెల్లగా అడిగాడు. "తగిలిండాదేమిరా?" శశికుమార్ తల వంచుకున్నాడు. ప్రతాప్ బంతిని తానే తీసుకుపోయి పెనాల్టీ గుర్తు మీద పెట్టి వచ్చాడు.

హమ్మయ్య అనుకున్నాను. ఈ మహానుభావుడు ఊరుకుంటాడా! జేబులోంచి పసుపు కార్డు తీసి ప్రతాప్‌కు చూపించాడు. రాయి పట్టుకున్నవాడు ఇంకా అక్కడే ఉన్నాడు.

"బంతి నేనే పెడితి కదన్నా, మళ్లీ ఇదేంటికి?"

"నన్ను నోటికొచ్చినట్ల తిట్టినావు కదా, దానికి."

ప్రతాప్ పళ్లు కొరికాడు. "సరేన్నా" అని పక్కకు జరిగాడు. వెనకాల రాయి కింద పడిన చప్పుడు వినబడింది.

ఎవరు గెలిచారో నేను చూడనే లేదు. తిరిగి వచ్చే బస్సులో కదిరప్ప ఒక్కటే అడిగాడు. "అందరూ సరే, నువ్వు కూడా నమ్మకపోతివా?"

ఇంటికి రాగానే ఆయన మెడలోంచి విజిల్ తీసుకుని పొయ్యి దగ్గరికి పోయాను. నీళ్లు కాచి, దుమ్మంతా పోయేలా కడిగి, మళ్లీ ఆయన మెడలో నేనే వేశాను.