కాయ నొక్కి చెప్పిన తీర్పు

మాకు బనగానపల్లెలో మామిడి మండీ ఉంది. మాగిన కాయను బొటనవేలితో నొక్కి, ఎన్నాళ్ళ కిందట కోశారో చెప్పడంలో నన్ను మించినవాళ్ళు లేరు. పెళ్ళయిన తొమ్మిదో ఏడు, ఆపరేషన్ కోసం రక్తపరీక్ష చేస్తే మా ఆయనకు హెచ్ఐవీ అని తేలింది. నాకూ పరీక్ష చేశారు. లేదన్నారు.

ఊరట కలగాల్సింది పోయి నాకు అనుమానం పట్టుకుంది. కర్నూలు ఆసుపత్రి వరండాలోనే ఆయన్ను నిలదీశాను.

"పెండ్లికి ముందు లారీ తోలేటప్పుడు తప్పు చేసినా. మళ్లా యాడికీ పోల్యా," అన్నాడు.

"అంత పాతదైతే నాకెందుకు రాల్యా? నువ్వు గుండ్రాయి మాదిరి ఎట్లుండావు? మొన్న కాయల లోడుతో హైదరాబాద్ పోయినప్పుడే తెచ్చుకున్నావు!" నా అరుపుకి వరండా అంతా మావైపు తిరిగింది.

కౌన్సెలరమ్మ మమ్మల్ని గదిలోకి పిలిచి తలుపు వేసింది. "హెచ్ఐవీలో రెండు రకాలుండాయి, ఇది రెండో రకం వైరస్ అమ్మా. మొదటి రకమంత సులువుగా అంటుకోదు, ఒంటిని కూడా నిదానంగా తింటాది. ఎప్పుడొచ్చిందో ఈ పరీక్ష చెప్పదు. అట్లని ధీమా వద్దు. జాగ్రత్తగా ఉండాల, నువ్వు మళ్లా పరీక్ష చేయించుకోవాల."

ఒకే గడ్డిలో మాగేసినా నాటుకాయ, బంగినపల్లి ఒకే రోజు మాగవని తెలిసినదాన్నే. అయినా మనిషిని నొక్కి చూసి తేదీ చెప్పేశాను.

తిరుగు బస్సులో ఆయన, "ఇప్పుడన్నా నమ్ముతావా?" అన్నాడు.

"లారీ నాటి సంగతి ఇన్నేండ్లు ఎందుకు చెప్పల్యా?" అన్నాను.

ఆయన ఇప్పటికీ బాగానే ఉన్నాడు, నాకూ రాలేదు. కానీ ఆయన లోడుతో ఊరు దాటిన ప్రతిసారీ నా బొటనవేలు ఊరుకోదు.