బుచ్చమ్మ ఒట్టు, నాచారం గర్జెలు

ఉప్పల్ పాత ఊళ్లో హన్మయ్య భార్య బుచ్చమ్మకు కోడలు మందు పెట్టిందని ఒక మాట చాలా ఏళ్లు తిరిగింది. నీళ్ల పంపు దగ్గర పుట్టి, కిరాణా కొట్టు ఎక్కి, రామంతాపూర్ దాటి పోయింది. మందు కాదు, చేతబడి, బాణామతి అన్నవాళ్లూ ఉన్నారు. కోడలి తల్లిగారింట్లో క్రిస్మస్ అయిన మర్నాడే అత్త మంచం పడుతుందని, వరసగా రెండేళ్లు పడిందని, మూడోసారి పడితే లేవదని. పడ్డమాట నిజమే. మిగతాదంతా ఎవరి నోటికొచ్చినట్టు వాళ్లు అల్లుకున్నది. జరిగింది జరిగినట్టు చెప్పుకోవాల్సిన అవసరం ఉంది, ఎందుకంటే ఆ మాట ఒక పిల్ల ప్రాణం మీదికి తెచ్చింది.

బుచ్చమ్మ అంటే గల్లీకి హడల్. మోచేతుల దాకా పచ్చబొట్లు, నొసట రూపాయంత బొట్టు. పొలాలు ప్లాట్లయ్యేదాకా బర్రెల పాలు అమ్మి సంసారం లాగింది. ఆమె పాలలో నీళ్లు కలిపిందన్న మాట ఎవరూ అనలేదు, అనే ధైర్యం కూడా ఎవరికీ లేదు. అన్నమాట మీద నిలబడే మనిషని పేరు. ఆ పేరే ఆమెకు గుదిబండయింది.

కొడుకు ఉమాపతి హబ్సిగూడ రోడ్డు మీది సర్కారు ప్రయోగశాలలో అటెండరు. రోజూ ఎక్కే బస్సులోనే మల్లాపూర్ కంపెనీలో టైపు కొట్టే సూర్యకళ ఎక్కేది. ఆమె తండ్రి ఏసుపాదం కృష్ణా జిల్లా నుంచి వచ్చి, మౌలాలి రైల్వే షెడ్డులో ఫిట్టరుగా చేరి, నాచారంలో ఇల్లు కట్టుకున్నవాడు. ఎనభై నాలుగులో ఇద్దరూ రిజిస్టరు పెళ్లి చేసుకుని ఉప్పల్ గడప ముందు నిలబడ్డారు.

బుచ్చమ్మ లోపలికి పోయి, గూట్లో మల్లన్న ముందున్న పసుపు బండారు గుప్పిట పట్టుకొచ్చింది. గల్లీ అంతా చూస్తూ ఉంది.

"పిల్ల నా ఇంట్ల ఉండొచ్చు. దాని పండుగ దాని తల్లిగారింట్ల జేసుకోవచ్చు. గని ఆ ఇంటి మెతుకు నా నోట్లె పడితే, ఈ బండారే నన్ను కొట్టాలె!"

మల్లన్న బండారు మీద ఒట్టంటే మామూలు ఒట్టు కాదు. ఎదురింటి తారామణి ఆ మాటను పది ఇళ్లకు పది రకాలుగా మోసింది.

అట్లా ఆ ఇంట్లో చలికాలం రెండు ముక్కలైంది. డిసెంబర్‌లో నాచారంలో కాగితపు నక్షత్రం వేలాడేది, రాత్రి పాటలవాళ్లు వచ్చేవాళ్లు, సూర్యకళ తల్లి నాలుగు రోజులు పొయ్యి ముందు కూర్చుని కజ్జికాయలు చేసేది. ఉప్పల్‌లో అదే నెలలో మల్లన్నకు పట్నం వేయించేవాళ్లు. ఒగ్గువాళ్లు వచ్చి నేల మీద పసుపు, కుంకుమ, పచ్చరంగు పొడులతో పట్నమనే పెద్ద ముగ్గు పరిచి, డోలు కొట్టి కథ చెప్పేవాళ్లు. సూర్యకళ రెండుచోట్లా ఉండేది. పట్నం రోజు మాత్రం ఆమెకు వంటింట్లోకి అడుగుపెట్టే వీల్లేదు. అరుగు మీద కూర్చోవాలి.

పెళ్లయిన మరుసటేడు క్రిస్మస్‌కు తల్లి ఇచ్చిన డబ్బా ఆమె తన గదిలో మంచం కింద పెట్టుకుంది. పొద్దుగూకే వేళ లోపలికి పోతే, బుచ్చమ్మ నేల మీద చతికిలబడి ఉంది. పెదవి మీద చక్కెర.

"ఏం జూస్తున్నవే గట్ల?"

"ఏం లేదత్తయ్యా."

"మీ అవ్వకు గర్జెలు మంచిగ వస్తయి." కజ్జికాయలను అక్కడ గర్జెలంటారు. "కొబ్బరి మస్తు ఏస్తది. ఎవ్వలకన్న జెప్పినవో, నాలిక కోస్త."

సూర్యకళకు నవ్వొచ్చింది. అప్పుడు నవ్వే.

మరుసటి ఎండాకాలం బుచ్చమ్మకు షుగర్ జబ్బని తేలింది. దవాఖానాలో గోలీలు రాసిచ్చారు. ఆ డిసెంబర్‌లో కూడా గర్జెలు అడిగింది, రెండు తిన్నది. తిన్నాక రెండు రకాల భయం పట్టుకుంది. ఒకటి జబ్బు భయం. తీపికి విరుగుడని రాత్రి ఒక గోలీకి మూడు గోలీలు మింగింది. రెండోది ఒట్టు భయం. మల్లన్న కోపం చల్లారాలని మర్నాడు పచ్చి మంచినీళ్లు ముట్టకుండా ఉపాసం ఉంది. మధ్యాహ్నానికల్లా కళ్లు తేలేసింది.

రెండోయేడూ అదే. ఆసారి దవాఖానాలో పక్కన ఉన్నది సూర్యకళ ఒక్కతే. గ్లూకోజు ఎక్కించిన డాక్టరు కసిరాడు. "ఉపవాసం రోజు ఈ మాత్రలు వేయడమేంటమ్మా? షుగర్ మొత్తం పడిపోయింది. ఇంకో గంట ఆలస్యమైతే దక్కేది కాదు. ఇట్లా చెమటలు పట్టి వణికితే వెంటనే నోట్లో తీపి పెట్టండి."

డాక్టరు పోగానే బుచ్చమ్మ కోడలి మణికట్టు పట్టుకుంది. "నేను గర్జెలు తిన్నట్టు ఎవ్వలకు తెల్వద్దు. మీ నాయిన మీద ఒట్టెయ్యి."

"అది ఒట్టు వల్ల కాదత్తయ్యా, గోలీల వల్ల..."

"నీకేం దెలుసు? మల్లన్న రెండుసార్లు జెప్పిండు. ఒట్టెయ్యి!"

వేసింది. ఆనాటి నుంచి గల్లీలో చూపులు మారాయి. ఆమె పంపు దగ్గరికి వస్తే బిందెలు జరిగేవి. పసిపిల్లల తల్లులు పిల్లల మొహం కొంగుతో కప్పేవాళ్లు. ఒకసారి గోడ అవతల తారామణి ఎవరితోనో అంటోంది: "బాణామతి జేసేటోళ్లకు పండ్లు రాలగొడితె మంత్రం పలుకదంట. మా మేనత్త ఊర్ల ఒకామెకు గట్లనే జేసిన్రు. పాపం, ఆమె గా నోటితోని అన్నం తినలేక సచ్చింది." సూర్యకళ నాలుకతో తన పళ్లను ఒకసారి తడుముకుంది. ఆ తరువాత రోజూ తడుముకునేది.

ఎనభై ఎనిమిదిలో క్రిస్మస్ ఆదివారం పడింది. హన్మయ్య పట్నం కూడా అదే ఆదివారానికి పెట్టాడు. శనివారం నాచారంలో తల్లి డబ్బా మూత పెట్టి, చెయ్యి తీయలేదు.

"ఈసారి పంపనే. ఆవిడకేమైనా అయితే నిన్ను బతకనివ్వరు."

"పంపకపోతే ఇంకెక్కడో తెప్పించుకుని తింటుందమ్మా. నా కళ్లముందు తింటే గోలీలైనా ఆపగలను."

ఏసుపాదం నక్షత్రంలో బల్బు మారుస్తూ స్టూలు మీద నుంచే అన్నాడు. "అల్లుడికి చెప్పావా?"

"మీ మీద ఒట్టు వేయించుకుంది నాన్నా."

"నాకేం కాదులేవే, చెప్పెయ్." కానీ ఆ మాట అంటున్నప్పుడు ఆయన చేతిలో బల్బు జారి పగిలింది. తల్లి గబగబా సిలువ గీసుకుంది. సూర్యకళ డబ్బా తీసుకుని బస్సెక్కింది.

ఆ సాయంత్రం బుచ్చమ్మ నాలుగు తిన్నది. "అత్తయ్యా, గోలీ ఒక్కటే. రేపు పట్నానికి నలుగురితో పాటు ఉపాసం తప్పదు కాబట్టి పొద్దున అసలే వద్దు. సరేనా?" అని ఒకటికి మూడుసార్లు చెప్పింది సూర్యకళ. "సరే పోయే, డాక్టరమ్మా" అని మూతి తుడుచుకుంది బుచ్చమ్మ.

ఆదివారం తెల్లవారుజామున సూర్యకళ నాచారం చర్చికి పోయింది. ప్రార్థనలో మనసు నిలవలేదు. అందరూ కౌగిలించుకుని శుభాకాంక్షలు చెప్పుకుంటుంటే ఆమె చెప్పులు వెతుక్కుంది. మధ్యాహ్నానికి ఉప్పల్ చేరి, పెరట్లో కాళ్లు కడుక్కుంటుంటే బట్టలుతికే బండ పక్కన గోలీల పట్టీ కనిపించింది. నిన్న చూసినప్పుడు దాదాపు నిండుగా ఉన్నది. ఇప్పుడు సగం గుంటలు ఖాళీ.

లోపల డోలు మోగుతోంది. పట్నం పరిచారు. దాని అవతల, మల్లన్న గద్దె పక్కన బుచ్చమ్మ కూర్చుని ఊగుతోంది. బయట చలి, అయినా రవిక తడిసి ముద్దయింది. చేతులు వణుకుతున్నాయి, మాట తడబడుతోంది.

"శిగం వచ్చింది! దేవుడొచ్చిండు!" అన్నారెవరో. ఆడవాళ్లు దండాలు పెట్టారు. తారామణి అందరికంటే ముందుకు వచ్చి, "మల్లన్నా, మా పెద్దోనికి నౌకరి ఎప్పుడొస్తది?" అని అడిగింది. బుచ్చమ్మ ఏదో గొణిగింది. ఒగ్గాయన ఆమె నెత్తిన బండారు చల్లాడు. డోలు ఇంకా జోరందుకుంది.

ఆ గదిలో అది దేవుడు కాదని తెలిసింది ఒక్క సూర్యకళకే.

"ఉమాపతీ! అత్తయ్యకు చక్కెర కావాలి, వంటింట్లోంచి తీసుకురా!"

ఉమాపతి లేవబోయాడు. బుచ్చమ్మ తమ్ముడు కొమురయ్య అతని భుజం నొక్కి కూర్చోబెట్టాడు. "దేవుడు మాట్లాడుతుంటె చక్కెరేందిరా? ముందుగాల గా పిల్లను బయటికి పంపు."

అప్పుడే బుచ్చమ్మ పక్కకు ఒరిగిపోయింది. కళ్లు తెల్లబడ్డాయి. డోలు ఆగింది. 

"మూడోసారి," అంది తారామణి మెల్లగా.

సూర్యకళ గదిలోకి పరుగెత్తి సంచిలోంచి డబ్బా తీసుకొచ్చింది. అత్తకూ ఆమెకూ మధ్య పట్నం ఉంది. చుట్టూ జనం గోడలా నిలబడ్డారు. ఆమె ముగ్గు మీదనే నడిచింది. పసుపు, కుంకుమ కాళ్లకు అంటుకున్నాయి. వెనక ఎవరో కెవ్వుమన్నారు. ఆమె గర్జె విరిచి, లోపలి చక్కెర పొడి అరచేతిలో పోసుకుని, చెంబు నీళ్లతో తడిపి, అత్త చిగుళ్లకు, చెంపలోపలికి రాసింది. మళ్లీ తడిపింది, మళ్లీ రాసింది.

"అందరి ముందటనే పెడుతుంది సూడున్రి!" కొమురయ్య ఆమె జుట్టు పట్టి వెనక్కి లాగాడు. డబ్బా దొర్లింది, విరిచిన గర్జెలో సగం మాత్రం ఆమె గుప్పిట్లోనే మిగిలింది. గర్జెల ముక్కలు, కొబ్బరి పట్నమంతా చెదిరాయి. "రోకలి తేండ్రా! దీని పండ్లు ఉండొద్దు!"

ఉమాపతి మేనమామ మీద పడ్డాడు. హన్మయ్య "ఆగున్రి, ఆగున్రి" అంటున్నాడు గాని ఆ ముసలి గొంతు ఎవరికీ వినిపించలేదు. నిజంగానే ఎవరో రోకలి తెచ్చారు. సూర్యకళ పెదవులు బిగించుకుంది. జుట్టు కొమురయ్య చేతిలో ఉన్నా ఆమె చూపు అత్త మొహం మీదనే ఉంది. చెప్పేస్తే? తండ్రి మీద ఒట్టు. చెప్పినా ఇప్పుడు నమ్మేదెవరు?

ఒగ్గాయన ఒక్కడే వంగి బుచ్చమ్మను చూస్తున్నాడు. "జర ఆగు కొమురన్నా. గొంతు కదులుతున్నది."

బుచ్చమ్మ నాలుక బయటికొచ్చి పెదవి నాకింది. కొంచెం సేపటికి కళ్లు తెరిచింది. చెదిరిన పట్నం చూసింది, కోడలి పసుపు పాదాలు చూసింది, తమ్ముడి చేతిలో ఆమె జుట్టు చూసింది, రోకలి చూసింది.

రెండేళ్లు గల్లీ గల్లీ ఎన్నో అనుకుంది గాని, ఈ మనిషిని నోరు తెరిచి అడిగినవాళ్లు ఒక్కరూ లేరు. చివరికి అడిగింది తారామణే. ఆరాటం ఆపుకోలేక పట్నం అంచుకు వచ్చి గొంతుకూర్చుంది.

"బుచ్చక్కా, మల్లన్న ముందటున్నవు, అబద్ధమాడకు. నీ కోడలు నీకు ఏమన్న పెట్టిందా?"

బుచ్చమ్మ నేల మీది బండారు చిటికెడు తీసి నొసటికి రాసుకుంది.

"అది పెట్టలే. నేనే అడిగి తిన్న, మూడేండ్ల సంది. ఒట్టు తప్పింది నేను. కొట్టేదుంటె రోకలి నా దిక్కు తేండ్రి... గని ముందుగాల గా పిల్ల జుట్టు ఇడువు కొమురా, మిగిలిన గర్జె దాని చేతుల్నే ఉన్నది."