మూడడుగుల సున్నం గీత

పాస్టర్లకు చదువు చెప్పే ఆ సెమినరీ కట్టిన కొత్తలో ఏ పైపు ఎటు పోయిందో రాసిపెట్టుకోవాలన్న బుద్ధి ఎవరికీ పుట్టలేదు. ఉన్న నాలుగు కాగితాలనూ చెదలు తిన్నాయి. ఇక మిగిలింది తోటమాలి ఒక్కడే. ముప్పై నాలుగేళ్లుగా ఆ ఆవరణను తవ్వుతున్నవాడు కాబట్టి విద్యార్థులు ఆయనకు 'పటం తాత' అని పేరు పెట్టారు. బైబిలును మూలభాషల్లో చదివిన పండితులైనా సరే, కుళాయిలో నీళ్లు రాకపోతే ఆయన కాళ్లావేళ్లా పడాల్సిందే.

కొత్త తరగతుల భవనానికి ప్లాను మొదలైంది. గ్రంథాలయం కింద ఉండాలా, పైన ఉండాలా అని కమిటీవాళ్లు ఏడాదిపాటు వాదించుకున్నారు. పరలోకం గురించి కూడా అంత వాదన చేసి ఉండరు. చివరికి బట్టలుతికే పాత గది వెనక ఖాళీ స్థలం ఖాయమైంది. ఇంజనీరమ్మ తాత చేతికి సున్నం బకెట్టు ఇచ్చింది.

"నేల కింద ఏమేం ఉన్నాయో గీతలు గీసి చూపించు తాతా. వాటిని బట్టే నా డ్రాయింగు."

నీళ్ల పైపు గీశాడు. పూడ్చేసిన బావి గీశాడు. గోడవార జామచెట్టు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది.

ముప్పై ఏళ్ల కిందట ఆయన భార్యకు ఊపిరి లేని ఆడబిడ్డ పుట్టింది. బాప్తిస్మం కాని బిడ్డకు సమాధుల తోటలో చోటు లేదన్నారు అప్పటి పెద్దలు. దేవుడి పేరు చెప్పి మనుషులు ఎంత కఠినంగా ఉండగలరో! అందరూ మధ్యాహ్న ప్రార్థనలో ఉండగా ఆయనే ఇక్కడ తవ్వి, బిడ్డను తువ్వాలులో చుట్టి పడుకోబెట్టాడు. ఆ తరవాత భార్యాభర్తలు ఒకరి దగ్గర ఒకరు కూడా ఆ మాట ఎత్తలేదు.

ఇప్పుడు చెబితే తీసి ఇంకోచోట పెట్టమంటారేమో. తాత మూడడుగుల గీత గీశాడు.

"ఇదేంటి?"

"పాత మురుగు గుంటమ్మా. దీని జోలికి పోకుండా పునాది పక్కకి జరుపుకోండి."

ఇంజనీరమ్మ తలూపి రాసుకుంది.

కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. నేల కింద సంగతులన్నీ తెలిసిన మనిషికి ఇంజనీర్ల పద్ధతి మాత్రం తెలియదు. పునాది దగ్గర మురుగు గుంట ఉందంటే వాళ్లు తప్పించుకుని పోరు. ముందు దాన్నే తవ్వి, ఖాళీ చేసి, గట్టిమట్టి నింపుతారు. సోమవారం పొద్దున తవ్వే యంత్రం తిన్నగా జామచెట్టు దగ్గరికే వచ్చింది.

తాత పడుతూ లేస్తూ పరిగెత్తుకొచ్చి ఆ గీత మీద కూలబడ్డాడు. ప్రిన్సిపాల్ కంగారుగా వచ్చాడు.

"గుంట కాదయ్యా," అన్నాడు తాత. "నా కూతురు."

యంత్రం ఆపేశారు. ప్రిన్సిపాల్ సంగతంతా విన్నాడు. తరవాత ఇంజనీరమ్మతో, "ప్లాను మార్చండి" అన్నాడు. ఆఫీసు నుంచి సమాధుల రిజిస్టరు తెప్పించి, తాత పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"పాప పేరేంటి తాతా?"

"బతకని బిడ్డకి పేరెందుకని పెట్టలేదయ్యా."

"పెట్టాను," అంది వెనక నుంచి ఆయన భార్య. కబురు విని, హాస్టల్ వంటింట్లోంచి తడి చేతులతోనే వచ్చేసింది. రాసేవాళ్లకు తప్పు పోకుండా ఒక్కో అక్షరం విడదీసి ఆ పేరు చెప్పింది.

తాత ఆమె వైపు తిరిగాడు. "ఇన్నేళ్లూ నాకు చెప్పలేదేమే?"

"నువ్వెప్పుడు అడిగావు?" అందామె.